ఎన్ని పోర్టులు కావాలన్నది ఆఖరి ప్రశ్న

గుంటూరులో మా మేనమామకు మందుల హోల్‌సేల్ వ్యాపారం ఉంది. నేను అక్కడ లెక్కలు చూడటానికి చేరాను. కంప్యూటర్ల గురించి నాలుగు ముక్కలు తెలుసన్న పాపానికి వైర్లు, డబ్బాలు కూడా నా నెత్తినే పడ్డాయి. కింద బిల్లింగు కౌంటర్లు, మొదటి అంతస్తులో ఆఫీసు, సర్వరు, రెండో అంతస్తులో సరుకు, సందు అవతల గోదాము. ఇదీ మా సామ్రాజ్యం. దీనికి నెట్‌వర్కు స్విచ్చులు, అంటే వైర్లు గుచ్చి కంప్యూటర్లన్నిటినీ కలిపే డబ్బాలు, ఎంచుకున్న కథ ఇది. ఆ వైర్లు గుచ్చే రంధ్రాలే పోర్టులు.

సాయంత్రం అయిదు దాటితే కౌంటర్లలో బిల్లు తెరుచుకోవడానికి ఆలస్యమయ్యేది. మెడికల్ షాపుల ఆర్డర్లన్నీ ఆ వేళకే వచ్చిపడతాయి. "ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేసి స్పీడు పెంచమనరా" అనేవారు మామయ్య. మా సర్వరు ఉన్నది మేడ మీదే. కౌంటరు నుంచి సర్వరుకు వెళ్లే బిల్లు గేటు దాటి బయటకు వెళ్లదు. ఈ-ఇన్వాయిస్ నంబరు తెచ్చుకోవడానికి తప్ప బిల్లింగుకు ఇంటర్నెట్‌తో పని లేదు. అయినా ఆఫీసులో ఏది నెమ్మదించినా తిట్లు తినేది ఇంటర్నెట్టే.

సర్వరులోని ఒక పెద్ద ఫైలును కౌంటరు కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూశాను. ఉదయం దుకాణం తెరవకముందు కూడా సెకనుకు ఆరు మెగాబైట్ల దగ్గరే ఆగిపోయింది. గిగాబిట్ లైను అయితే వంద దాటాలి. కంప్యూటర్ సెట్టింగుల్లో లింక్ స్పీడు 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 100 మెగాబిట్లు, అని కనిపించింది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. సరే, 100 అనుకున్నా పదకొండో పన్నెండో మెగాబైట్లు రావాలి కదా, మిగతాది ఏమైపోయింది?

వైరు పట్టుకుని ఒక్కొక్క డబ్బానే వెతుక్కుంటూ వెళితే కథంతా బయటపడింది. ఏళ్ల తరబడి అవసరం వచ్చినప్పుడల్లా ఒక అయిదు పోర్టుల ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, పాతదానికి తగిలించుకుంటూ పోయారు. మొదటి అంతస్తు నుంచి కిందకు దిగేది ఒక్కటే వైరు. అది వచ్చి చేరేది 100 ఎంబీపీఎస్ స్విచ్చులోకి. కెమెరాల రికార్డరు మామయ్య కుర్చీ పక్కన, కిందే ఉంది. మొదటి, రెండో అంతస్తుల కెమెరాలు, గోదాము కెమెరాలు కలిపి పదకొండింటి వీడియో ఆ ఒక్క వైరులోనే కిందకు దిగుతోంది. ఒక్కొక్కటి 4 ఎంబీపీఎస్ చొప్పున 44. ఈథర్‌నెట్‌లో, అంటే ఈ వైర్ల నెట్‌వర్కులో, వెళ్లే దారి, వచ్చే దారి వేరువేరు. కాబట్టి వీడియో పైకి వెళుతూ ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. మా ఖర్మకొద్దీ సర్వరు నుంచి కౌంటర్లకు వచ్చే డేటా కూడా అదే దిక్కుగా కిందకే రావాలి. పైగా మా బిల్లింగు సాఫ్ట్‌వేరు పాతకాలపుది. సర్వరులో ఒక ఫోల్డరు పెట్టుకుని, అందులోని ఫైళ్లను ప్రతి కౌంటరూ నెట్‌వర్కు మీదుగా చదువుకుంటుంది. ఆరు కౌంటర్లు ఒకేసారి చదివితే మిగిలిన కాస్త జాగా సరిపోదు.

ఈ సంగతంతా చెబితే మామయ్య ఒకే మాట అడిగారు: "అయితే ఆ డబ్బా మారిస్తే సరిపోతుందా?"

నిజం చెప్పాలంటే సరిపోయేది. ఒక ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్చు కొని, అడ్డుగా ఉన్నదాన్ని తీసేస్తే సాయంత్రపు నస తగ్గిపోయేది. చిన్న దుకాణాల్లో చాలామందికి అంతకు మించి అవసరం కూడా ఉండదని నా అభిప్రాయం. మేము అక్కడితో ఆగకపోవడానికి కారణం ఇంకొకటి ఉంది. పై అంతస్తులో సరుకు సర్దే కుర్రవాడు ఒక వైరు కొస వేలాడుతుంటే చూసి, ఊడిపోయిందేమోనని ఖాళీ పోర్టులో గుచ్చాడు. దాని రెండో కొస అప్పటికే అదే స్విచ్చులో ఉంది. నిమిషంలో మేడంతా నెట్‌వర్కు చచ్చిపోయింది. అన్ని డబ్బాల మీదా అన్ని దీపాలూ ఒకే లయలో టకటకా మెరుస్తున్నాయి, ఏ కంప్యూటరూ సర్వరును అందుకోవడం లేదు. దీన్ని లూప్ అంటారు. అందరికీ చేరవలసిన సందేశాన్ని స్విచ్చు అన్ని పోర్టులకూ పంపుతుంది. దారి గుండ్రంగా ఉంటే ఆ సందేశం తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు, అంటే వైరులో పోయే ఒక్కో డేటా పొట్లానికి, ఇన్నిసార్లు తిరిగాక ఆగిపోవాలన్న గడువు లేదు. దీనికి మందు కొత్తదేమీ కాదు. రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీరు 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేస్తూ స్పానింగ్ ట్రీ అనే పద్ధతిని రూపొందించారు. అదనపు దారిని స్విచ్చులే గుర్తించి మూసేసుకుంటాయి. అయితే మా దగ్గరున్న చవక డబ్బాలకు ఆ విద్య లేదు.

అప్పుడు కాగితం మీద బొమ్మ గీయడం మొదలుపెట్టాను. కంప్యూటర్లు పదకొండు, నెట్‌వర్కు ప్రింటర్లు నాలుగు, హాజరు వేలిముద్రల యంత్రం, సర్వరు, రికార్డరు, రౌటరు, గోదాముకు వెళ్లే లైను, కెమెరాల స్విచ్చుకు వెళ్లే లైను. మొత్తం ఇరవై ఒకటి. అంటే 24 పోర్టులది ఒకటి. ఇంతవరకు లెక్క ఎవరైనా వేస్తారు. దుకాణంలో కూడా మొదట అడిగేది "ఎన్ని పోర్టులు సార్?" అనే. దానికి జవాబు చెప్పగానే ధర చెప్పేస్తారు. అక్కడే జాగ్రత్తగా ఉండాలి.

అసలు చిక్కు కరెంటుతో. కెమెరాలకు, వైఫై పెట్టెలకు డేటా వైరులోనే కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్చు కావాలి. గోదాములోని నాలుగు కెమెరాలు పోను మేడలో పన్నెండు కెమెరాలు, మూడు వైఫై పెట్టెలు. పదహారు పోర్టుల పీఓఈ స్విచ్చు సరిపోతుందని దుకాణదారు ఒకటి చూపించాడు. డబ్బా మీద పోర్టుకు 30 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. వెనక ముద్రించిన వివరాల్లో మొత్తం పీఓఈ బడ్జెట్ 120 వాట్లు అని ఉంది. అంటే ఏ ఒక్క పోర్టైనా 30 వాట్లు ఇవ్వగలదు గాని, అన్నీ కలిపి 120 దాటకూడదు. మా కెమెరాల కాగితాల మీద గరిష్ఠం 7 వాట్లు అని ఉంది: పన్నెండుకు 84. వైఫై పెట్టెలు ఒక్కొక్కటి 13 వాట్ల చొప్పున 39. మొత్తం 123.

"అన్నీ ఒకేసారి అంత తినవు సార్" అన్నాడతను. పగలు తినవు, నిజమే. చీకటి పడగానే ప్రతి కెమెరాలోనూ ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, అన్నీ దాదాపు ఒకే వేళకు. బడ్జెట్ సరిపోని స్విచ్చు అప్పుడు కొన్ని పోర్టులకు కరెంటు ఆపేస్తుంది. పగలంతా చక్కగా పనిచేసి, రాత్రి మాత్రం రెండు కెమెరాలు కనిపించకుండా పోయే వింత జబ్బుకు చాలాచోట్ల కారణం ఇదే. కెమెరా పాడైందని మార్చేస్తారు. కొత్తది కూడా రాత్రికి పోతుంది. అందుకే మేము 190 వాట్ల బడ్జెట్ ఉన్నదాన్ని తీసుకున్నాం. పోర్టులు అవే పదహారు, ధర మాత్రం ఎక్కువ. ఆ తేడా ఎందుకో మామయ్యకు వివరించాల్సి వచ్చింది.

పీఓఈలో రకాలు కూడా చూసుకోవాలి. 2003లో వచ్చిన ఏఎఫ్ ప్రమాణంలో స్విచ్చు పోర్టుకు 15.4 వాట్లు ఇస్తుంది, 2009 నాటి ఏటీలో 30. ఈ రెండూ అవతల ఉన్న పరికరం కరెంటు తీసుకోగలదో లేదో ముందు పరీక్షించి గాని వోల్టేజి వదలవు. ఏ పరీక్షా లేకుండా నేరుగా కరెంటు తోసే పాసివ్ రకం కూడా బజారులో దొరుకుతుంది. దానికి తెలియక ప్రింటరు తగిలిస్తే ప్రింటరు గతి దేవుడెరుగు. పక్కనే కెమెరాల కోసమని అమ్మే ఇంకో రకం స్విచ్చులకు ఒక బుల్లి మీట ఉంటుంది. ఎక్స్‌టెండ్ వైపు జరిపితే మామూలు వంద మీటర్లకు బదులు 250 మీటర్ల దాకా వైరు లాగవచ్చంటారు. అది అబద్ధం కాదు, కానీ అప్పుడు పోర్టు వేగం 10 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. ఒక్క కెమెరాకు అది చాలు. ఆ సంగతి తెలియక అదే వైరు కొసకు ఇంకో స్విచ్చు తగిలిస్తేనే తంటా.

మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) కావాలా, మామూలుది చాలా అన్న విషయంలో నాకు రెండు చోట్ల రెండు రకాల సలహాలు దొరికాయి. ఒక దుకాణంలో "మీకు మేనేజ్డ్ దేనికి సార్, పెట్టి మర్చిపోయేది తీసుకోండి" అన్నారు. ఇంకొకచోట పెద్ద కంపెనీలు వాడే, రౌటరు పని కూడా చేసే లేయర్ 3 స్విచ్చును, దానితో ఏటా కట్టవలసిన లైసెన్సును అంటగట్టబోయారు. లైసెన్సు గడువు తీరితే స్విచ్చు ఏమవుతుందని అడిగితే సూటిగా సమాధానం రాలేదు. ఈ ప్రశ్న మాత్రం క్లౌడు నుంచి నడిపే ఏ స్విచ్చు కొనేవారైనా తప్పక అడగాలి. మేము మధ్యరకం తీసుకున్నాం. వెబ్ స్మార్ట్ అంటారు. బ్రౌజరులో తెరిచి సెట్టింగులు మార్చుకోవచ్చు, లూపును పట్టుకుంటుంది, వీలాన్లు, అంటే ఒకే స్విచ్చులో విడివిడి నెట్‌వర్కులు, చేసుకోవచ్చు, ఏ పోర్టులో ఎన్ని తప్పుడు ఫ్రేములు వచ్చాయో లెక్క చూపిస్తుంది. నా వంటి లెక్కల మనిషికి ఆ చివరిది బాగా నచ్చింది.

స్విచ్చింగ్ కెపాసిటీ, అంటే స్విచ్చు మొత్తంగా మోయగల డేటా, 48 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు) అని ఊరించే అంకెను మాత్రం పెద్దగా పట్టించుకోనక్కర లేదు. 24 గిగాబిట్ పోర్టులు రెండు దిక్కులా పూర్తి వేగంతో నడిస్తే అయ్యేది సరిగ్గా అంతే. ఇరవై నాలుగు పోర్టుల దానికి అంతకంటే తక్కువ రాసి ఉంటేనే ఆలోచించాలి.

బిల్లు లేకుండా అయితే తగ్గిస్తానన్న మహానుభావుడు కూడా ఒకడు తగిలాడు. జీఎస్‌టీ 18 శాతం మాకు ఎలాగూ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. వారంటీకి బిల్లే ఆధారం. అతను తగ్గించేది ఎవరి డబ్బో నాకు అర్థం కాలేదు.

కొటేషన్లు చూస్తున్న మామయ్య ఒకరోజు అడిగారు, అసలు ఈ స్విచ్చు లేనప్పుడు ఏం చేసేవాళ్లని. హబ్ ఉండేదని చెప్పాను. హబ్‌లో ఒకరి ఉత్తరం ఊరంతటికీ దండోరా వేసినట్టు అన్ని కంప్యూటర్లకూ వెళుతుంది. స్విచ్చు అయితే ఏ పోర్టు వెనక ఏ యంత్రం ఉందో దాని చిరునామా చూసి నేర్చుకుని, అక్కడికి మాత్రమే పంపుతుంది. మొదటి ఈథర్‌నెట్ స్విచ్చును 1990లో తెచ్చిన కంపెనీ పేరు కల్పన. అమెరికాలో దాన్ని స్థాపించినవారిలో ఒకరైన వినోద్ భరద్వాజ్ తన భార్య పేరు పెట్టుకున్నారు. 1994లో దాన్ని సిస్కో కొనేసింది. మామయ్యకు ఇది ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత ధర గురించి సణగడం కొంత తగ్గింది.

వైరు దగ్గర మాత్రం నేను మొండికేశాను. 305 మీటర్ల పెట్టె ఒకటి బాగా చవకగా దొరుకుతోంది. క్యాట్ 6 అని పెద్దగా, పక్కన సీసీఏ అని చిన్నగా ముద్రించి ఉంది. అంటే అల్యూమినియం తీగకు పైన రాగి పూత. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. అల్యూమినియానికి నిరోధం ఎక్కువ. పీఓఈ కరెంటు పోయేటప్పుడు దారిలో వోల్టేజి పడిపోతుంది, వైరు వేడెక్కుతుంది, కొసకు ప్లగ్గు బిగించిన (క్రింపింగ్) చోట తీగ పుటుక్కున విరుగుతుంది. స్విచ్చు ఆరేళ్లకో ఏడేళ్లకో మారుస్తాం. గోడలో పోయిన వైరును ఎవరు మారుస్తారు? పూర్తి రాగిదే తీసుకున్నాం. ప్రతి ఐఓ బాక్సు (గోడకు బిగించే నెట్‌వర్కు సాకెట్) నుంచి మొదటి అంతస్తు ర్యాకు దాకా నేరుగా ఒక్కొక్క వైరు. మధ్యలో బల్లల కింద ఏ డబ్బా ఉండకూడదని నియమం పెట్టాను. రికార్డరును పైకి తెద్దామంటే మామయ్య కుర్చీ పక్క నుంచి కదలనివ్వలేదు. దానికీ సొంత వైరు, గిగాబిట్ పోర్టు వచ్చాక కదపవలసిన అవసరం కూడా లేదు.

గోదాము అరవై మీటర్ల దూరం. వంద మీటర్ల లోపే కాబట్టి రాగి వైరు పనిచేస్తుంది, అప్పటిదాకా పనిచేసింది కూడా. కానీ సందు మీదుగా గాలిలో వేలాడే రాగి వైరు పిడుగుల కాలంలో రెండు చివర్లకూ ముప్పే. పైగా గోదాముది వేరే మీటరు, వేరే ఎర్తింగు. రెండు భవనాల ఎర్తింగుల మధ్య తేడా ఉంటే ఆ తేడా వెతుక్కునే దారి ఈ వైరే అవుతుంది. ఫైబరుకు ఆ బెడద లేదు. అందులో పోయేది వెలుతురు మాత్రమే. రెండు వైపులా స్విచ్చుల్లో ఫైబరు మాడ్యూలు గుచ్చే ఎస్ఎఫ్‌పీ రంధ్రాలు ఉండేట్టు చూసుకున్నాం. మాడ్యూళ్లు రెండూ 1 గిగాబిట్, సింగిల్ మోడ్ రకమే కావాలని రాసి ఇచ్చాను. ఒకవైపు ఒకటి, ఇంకోవైపు ఇంకోటి వస్తే దీపం వెలగదు. వీధిలో కేబుల్ టీవీ, ఇంటర్నెట్ లైన్లు అతికే మనిషే స్ప్లైసింగ్ యంత్రం తెచ్చి అరగంటలో అతికి వెళ్లాడు. ఫైబరంటే పెద్ద వ్యవహారమనుకుని భయపడేవారు చాలామంది ఉన్నారు. మా ఊళ్లో ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు వీధికొకరు దొరుకుతారు.

గోదాముకు పైకప్పు రేకులు. మే నెలలో బయట 45 డిగ్రీలుంటే రేకుల కింద ఎంత ఉంటుందో గుంటూరు వాళ్లకు చెప్పక్కర లేదు. చాలా ఆఫీసు స్విచ్చులు 40 డిగ్రీల దాకానే అని కాగితాల్లో ఉంటుంది. కెమెరాల వాళ్లకేమో స్విచ్చును పైకప్పు కింద పెట్టెలో బిగించడం అలవాటు. మేము 50 డిగ్రీల దాకా తట్టుకునే, ఫ్యాను లేని ఎనిమిది పోర్టుల పీఓఈ స్విచ్చు తీసుకుని, గోడకు నడుమెత్తున, గాలాడే జాలీ పెట్టెలో పెట్టించాం. మేడలోని పెద్ద పీఓఈ స్విచ్చుకు మాత్రం ఫ్యాను ఉంది. అది మూలుగుతూ ఉంటుంది. ర్యాకును ముందు అనుకున్నట్టు అకౌంట్స్ గదిలో కాకుండా సర్వరు గదిలో పెట్టమని మా అకౌంట్స్ ఆవిడ పట్టుబట్టారు. ఆవిడ మాటే నెగ్గింది, మంచిదే అయింది.

మార్పిడి ఆదివారం పెట్టుకున్నాం. వైర్లు బిగించడం కంటే సెట్టింగులకే ఎక్కువ సమయం పట్టింది. వీలాన్ 10 ఆఫీసు, 20 కెమెరాలు, 30 వచ్చిపోయేవారి వైఫై. కెమెరాలను ఎందుకు విడదీయాలంటే, వాటిలోని సాఫ్ట్‌వేరును ఎవరూ ఏళ్ల తరబడి నవీకరించరు. అలాంటి యంత్రం మా లెక్కల సర్వరును చూడగలగడం నాకు ఇష్టం లేదు. ఇలా విడదీశాక వాటి మధ్య రాకపోకలు రౌటరు చూసుకోవాలి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెకు వీలాన్ల గోల తెలియదు కాబట్టి వేరే చిన్న రౌటరు కొనక తప్పలేదు. స్విచ్చుల కొటేషన్‌లో ఈ ఖర్చు ఎక్కడా ఉండదు. అడిగితే గాని ఎవరూ చెప్పరు.

అంతా అయ్యాక మామయ్య తన ఫోన్‌లో కెమెరాలు తెరిచారు. ఒక్కటీ రాలేదు. "బాగున్నదాన్ని పాడు చేశావు కదరా" అన్నారు. ఆయన ఫోన్ ఆఫీసు వీలాన్‌లో, రికార్డరు కెమెరాల వీలాన్‌లో ఉన్నాయి. మధ్యలో తలుపు ఇంకా తీయలేదు. ఆఫీసు నుంచి కెమెరాల వైపు వెళ్లవచ్చు, అటు నుంచి ఇటు సొంతంగా రాకూడదు అని రౌటరులో ఒక నియమం రాశాక ఆయన మొహం విచ్చుకుంది.

ఒక కౌంటరు మాత్రం కొత్త స్విచ్చులో కూడా 100 ఎంబీపీఎస్ అనే చూపించింది. 100కు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఐఓ బాక్సు విప్పి చూస్తే గోధుమ రంగు తీగ సరిగ్గా కూర్చోలేదు. మళ్లీ గుచ్చితే 1000 వచ్చింది. పాత స్విచ్చులో అయితే ఈ లోపం ఎన్నటికీ కనిపించేది కాదు.

టెక్నీషియన్ వెళ్లేముందు అతని చేత మూడు పనులు చేయించాను. స్విచ్చుల పాస్‌వర్డు మార్పించాను. సెట్టింగులు స్విచ్చులోనే సేవ్ చేయించాను, ఎందుకంటే చాలా స్విచ్చుల్లో అప్లై నొక్కితే అప్పటికి పనిచేస్తాయి గాని, కరెంటు పోయి వస్తే పాతవే వస్తాయి. ఆ సెట్టింగుల ఫైలును నా కంప్యూటర్‌లోకి తీయించాను. ప్రతి వైరుకూ రెండు కొసల్లో అంకె ఉన్న పట్టీ అంటించి, ఏ అంకె ఎక్కడికో ఒక కాగితం మీద ముద్రించి ర్యాకు తలుపు లోపల అతికించాం. అతను విసుక్కున్నాడు గాని చేశాడు.

ర్యాకును ఇన్వర్టరుకు కలిపాం. దానిలో మీట యూపీఎస్ వైపు లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలో స్విచ్చు రీస్టార్టయి, మళ్లీ తేరుకునే దాకా బిల్లింగు ఆగిపోతుంది. ఇప్పుడు కరెంటు పోయినా, మేడలో కెమెరాలకు ర్యాకు నుంచే కరెంటు పోతోంది కాబట్టి అవీ ఆగవు. విడివిడి అడాప్టర్లు ఉన్న రోజుల్లో ఈ సుఖం లేదు.

ఫైలు కాపీ ఇప్పుడు సెకనుకు 110 మెగాబైట్ల దగ్గర నడుస్తోంది. సాయంత్రం బిల్లింగు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మధ్యలో ఒకసారి రెండో అంతస్తు ప్రింటరు ఆగి ఆగి ముద్రిస్తోందంటే స్విచ్చు పేజీ తెరిచి చూశాను. ఆ పోర్టులో సీఆర్‌సీ తప్పుల, అంటే దారిలో చెడిపోయి వచ్చిన ఫ్రేముల, అంకె గంట గంటకూ పెరుగుతోంది. అట్టపెట్టెల వెనక వైరును ఎలుకలు కొరికేశాయి. ఆ ముక్క మార్చి, పీవీసీ గొట్టంలో వేయించాం. పాత డబ్బాలలో పనిచేస్తున్న ఒక గిగాబిట్‌ది ర్యాకు అడుగున ఉంచాను. పెద్దది ఎప్పుడైనా మొరాయిస్తే, వారంటీ మీద కొత్తది వచ్చేలోపు సర్వరును, కౌంటర్లను దానికి తగిలించుకోవచ్చు. మిగతావాటిని మామయ్య ఇంటికి తీసుకెళ్లారు, దేనికో మాత్రం చెప్పలేదు.